కనబడని ఆచరణ: విశ్వాసానికి ప్రమాణమేది?

విశ్వాసం ఎక్కడ పుడుతుంది? చిరపరిచయం వల్లనా, ఆప్తుల మాట వల్లనా, ఎదుటివాని ఆచరణను కన్నులారా చూడడం వల్లనా? సుభిక్షకాలంలో ఈ ప్రశ్న ఎవరికీ తట్టదు. పాలవాడు పోసిన పాలు తాగుతాము, పూలవాడు ఇచ్చిన పూలు దేవునికి సమర్పిస్తాము. వారి చేతులు శుచిగా ఉన్నవా అని పరీక్షింపము. ఉపద్రవకాలంలో మాత్రం ఆ సహజవిశ్వాసమే సాక్ష్యం అడగడం మొదలుపెడుతుంది. రోగబీజం కంటికి కనబడదు. కనబడేవి ఎదుటివాని ముఖాన మాస్కు ఉన్నదా, అతడు ఎంత దూరంలో నిలిచినాడు, నిన్న ఎవరి ఇంటికి వెళ్లివచ్చినాడు అన్నవి మాత్రమే. కనబడని దానిని కనబడే దానితో కొలవడం మనస్సుకు స్వభావం. ఆ కొలతలో దోషం ప్రవేశిస్తే, వ్యాధి కంటె ముందుగా సంశయం ఇల్లిల్లూ తిరుగుతుంది. 2020లో హైదరాబాదు పాతబస్తీలోని మొఘల్‌పురాలో రెండు కుటుంబాల మధ్య జరిగినది ఈ విషయాన్ని స్పష్టపరుస్తుంది.

మొఘల్‌పురా చార్మినారుకు నడకదూరంలోని పేట. ఒకవైపు షా అలీ బండ, హరిబౌలి; మరొకవైపు సుల్తాన్ షాహీ. హరిబౌలిలో అక్కన్న మాదన్న మహంకాళి ఆలయం, కొంత దూరంలో లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారు. అజాన్ ధ్వని, ఆలయఘంట ఒకే గాలిలో వినిపించే ప్రాంతమిది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినారును కట్టించినది ఒక మహమ్మారి శమించినందుకు కృతజ్ఞతగానే అని ఐతిహ్యం. చరిత్రకారులందరూ దానిని అంగీకరింపరు. అయినను ఆ మాట ఇప్పటికీ జనశ్రుతిలో నిలిచి ఉన్నదంటే, మహామారీస్మృతి ఈ నగరానికి ఎంత సన్నిహితమో తెలుస్తుంది.

ఆ పేటలో ఒక సందులో పదవీవిరమణ చేసిన సంస్కృతోపాధ్యాయుడు ఒకరు భార్యతో, కుమారుని కుటుంబంతో నివసిస్తున్నారు. సందు చివర ఒక ముస్లిం కుటుంబం. తరతరాలుగా పూలవ్యాపారమే వారి వృత్తి. ఇరవై ఏళ్లకు పైగా ఉపాధ్యాయుల వారి పూజామందిరానికి మల్లెలు, చామంతులు, తులసిమాల ఆ ఇంటి నుండే వస్తున్నవి. ఆ పూలాయన ఆయనను ‘పంతులుగారూ’ అంటాడు, ఆయన అతనిని ‘భాయ్’ అంటారు. శుక్రవారం పూలు రాకపోతే గృహిణి మనస్సు నిలువదు. శ్రావణమాసంలో ఆ ఇంటి బేరం లేకపోతే పూలాయనకు పండుగ ఉన్నట్లు తోచదు.

2020 మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా రోగి ఉన్నట్లు ప్రకటన వెలువడింది. 20న తిరుమలలో భక్తులకు దర్శనం నిలిపివేసినారు. 22న జనతా కర్ఫ్యూ; 25న దేశమంతటా లాక్‌డౌన్. ఆ 25వ తేదీయే శార్వరినామ సంవత్సర ఉగాది. ప్రతి ఉగాదినాడు ఉపాధ్యాయుల వారి వాకిట పంచాంగశ్రవణం జరుగుతుంది. ఆ ఏడు ఆయన ఎవరినీ పిలువలేదు. అడిగినవారికి ఫోనులోనే రాశిఫలాలు చెప్పినారు. అయినను అలవాటు చొప్పున నలుగురు గేటు దాకా వచ్చినారు. ఆయన లోపలి నుండే నమస్కరించి పంపివేసినారు. ఏప్రిల్ 2న శ్రీరామనవమి. భద్రాచలంలో సీతారామకల్యాణం భక్తులు లేకనే జరిగింది.

ఇంతలో మార్చి 30న, దిల్లీ నిజాముద్దీన్‌లోని మర్కజ్ సమావేశాలకు వెళ్లివచ్చినవారిలో ఆరుగురు మరణించినట్లు తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ప్రకటన ఒక సమావేశానికి సంబంధించినది. టీవీలలో, వాట్సాప్‌లో అది కొన్ని గంటలలోనే ఒక మతానికి సంబంధించినదిగా మారింది. ఆ మరునాడు గృహిణి, ‘‘ఏమండీ, పూలు కొన్నాళ్లు వద్దని చెబుదామా? పెరట్లో మందారాలు ఉన్నాయి కదా’’ అన్నారు. ఉపాధ్యాయులు అవునని అనలేదు, కాదని అనలేదు. పూలాయన నాలుగు రోజులు బుట్టను గేటు దగ్గర పెట్టి వెళ్లినాడు. తరువాత రావడం మానినాడు. రెండు ఇళ్ల మధ్య ఒక్క పరుషవాక్యమైనా లేదు. మౌనంలోనే సంబంధం సన్నగిల్లింది.

ఇందులోని విశేషం తరువాత తెలిసింది. అదే వారంలో పూలాయన ఇంట్లో కూడా ఇటువంటి సంభాషణే జరిగింది. ఉగాదినాడు పంతులుగారి గేటు దగ్గర నలుగురు నిలబడి ఉండడం ఆ ఇంటి పిల్లలు చూచినారు. ‘‘వాళ్ల ఇంటికి జనం వస్తనే ఉన్నరు, మనం పోవుడు మంచిది గాదు’’ అని వారు అనుకొన్నారు. వీరు వారిని శంకించినారు, వారు వీరిని శంకించినారు. ఇరువురూ నియమాలు పాటిస్తూనే ఉన్నారు.

ఇక్కడ మన శాస్త్రం ఒక మెలకువను బోధిస్తుంది. న్యాయదర్శనంలో అనుమానప్రమాణానికి ప్రసిద్ధమైన ఉదాహరణ పొగ, నిప్పు. కొండ మీద పొగను చూచి అక్కడ నిప్పు ఉన్నదని తెలుసుకొంటాము. ఈ అనుమానం నిలిచేది వ్యాప్తి వల్ల, అనగా పొగ ఉన్న ప్రతిచోట నిప్పు ఉండి తీరాలి అన్న నియతసంబంధం వల్ల. కాని దీనిని తలకిందులు చేయరాదు. పొగ లేదు కనుక నిప్పు లేదనుకొంటే పొరపాటు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. నైయాయికులు ఈ ఉదాహరణనే చూపుతారు. ఒక క్షణంలో గడ్డం కిందకు జారిన మాస్కును చూచి, ‘ఇతడు జాగ్రత్త లేనివాడు’ అని నిర్ణయించడం ఇటువంటిదే. అతడు అప్పుడే మంచినీళ్లు తాగి ఉండవచ్చును. ఊపిరి ఆడక దించి ఉండవచ్చును. లింగం వ్యభిచరించినది, అనగా హేతువు సాధ్యాన్ని విడిచి మరొకచోట కూడా ఉన్నది. అటువంటి హేతువును శాస్త్రం హేత్వాభాసమన్నది.

దీనికంటె సూక్ష్మమైనది మరొకటి ఉన్నది. భాట్టమీమాంసకులు, అద్వైతులు ఆరవ ప్రమాణంగా అనుపలబ్ధిని అంగీకరిస్తారు. నేల మీద కుండ కనబడలేదు, కనుక కుండ లేదు: ఈ జ్ఞానం అనుపలబ్ధి వల్ల కలుగుతుంది. అయితే దీనికి ఒక నిబంధన ఉన్నది. అది యోగ్యానుపలబ్ధి కావాలి. వస్తువు అక్కడ ఉంటే తప్పక కనబడే పరిస్థితి ఉన్నప్పుడే, కనబడకపోవడం దాని అభావానికి ప్రమాణం. చీకటిగదిలో కుండ కనబడలేదు కనుక లేదనడం చెల్లదు.

మహమ్మారి కాలపు నియమపాలనను ఈ దృష్టితో పరిశీలించాలి. ఇంట్లో ఉండడమే ఆనాటి ప్రధాననియమం. ఇంట్లో ఉన్నవాడు వీధిలో కనబడడు. పాటించినవాడు పాటించిన కారణంగానే అదృశ్యుడవుతాడు; ఉల్లంఘించినవాడు ఉల్లంఘించిన కారణంగానే దృశ్యుడవుతాడు. సందులోని నూరుమందిలో తొంబదిమంది తలుపులు వేసుకొని ఉంటే, కిటికీ నుండి చూచేవానికి కనబడేది మిగిలిన పదిమందే. ‘ఎవ్వరూ పాటించడం లేదు’ అని అతడు నిట్టూరుస్తాడు. అతని కన్ను అబద్ధమాడలేదు. అతని అనుపలబ్ధి యోగ్యం కాదు, అంతే. చీకటిగదిలోని కుండ వలె తొంబదిమంది సంయమం తలుపుల వెనుక ఉండిపోయింది.

ఆ సంవత్సరపు పర్వదినాలన్నీ దీనికి సాక్ష్యం. ఏప్రిల్ 25న రంజాన్ మాసం మొదలైనప్పుడు మక్కా మసీదు ప్రాంగణం సామూహిక ప్రార్థన లేక వెలవెలబోయింది. తరావీహ్ నమాజులు ఇళ్లలోనే జరిగినవి. మే 25న ఈద్ నమాజుకు మీర్ ఆలం ఈద్గాలో జనం చేరలేదు. ఆషాఢంలో బోనాలు ఇళ్లకే పరిమితమైనవి. ఆలయాలలో అర్చకులు మాత్రమే సంప్రదాయవిధులు నడిపినారు. ఆగస్టు 22న వినాయకచవితికి ఖైరతాబాదు గణపతి తొమ్మిది అడుగుల ధన్వంతరి రూపంలో వెలసినాడు; అంతకుముందటి ఏడు ఆ విగ్రహం అరవై అడుగులకు మించి ఉన్నది. రెండు మతాలవారూ తమ ప్రాణప్రదమైన ఆచారాలను ముడిచిపెట్టుకొన్నారు. ఎదుటివారి త్యాగం మాత్రం వారికి కనబడలేదు. కనబడినది ఒక దుకాణం ముందు గుమిగూడిన జనం, ఒక పెళ్లి ఊరేగింపు, టీవీ తెర మీద పదేపదే తిరిగిన ఒకే దృశ్యం.

పాశ్చాత్య సామాజికశాస్త్రం కూడా మరొక మార్గాన ఇక్కడికే చేరింది. అందరూ లోపల ఒక నియమాన్ని గౌరవిస్తూ, ఇతరులు గౌరవించడం లేదని ప్రతి ఒక్కరూ భ్రమించే స్థితిని ఫ్లాయిడ్ ఆల్‌పోర్ట్, డానియల్ కాట్జ్ 1930ల తొలినాళ్లలోనే వర్ణించినారు. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో చెట్లు శిలలుగా మారిన ఒక జాతీయవనం ఉన్నది. సందర్శకులు ఆ శిలాఖండాలను అపహరించేవారు. మనస్తత్వశాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీనీ, ఆయన సహచరులు అక్కడ రెండు విధాల ఫలకాలు పెట్టి పరీక్షించినారు. ‘ఇదివరకు చాలామంది తీసుకొనిపోయినారు’ అని వగచిన ఫలకం ఉన్న దారులలో, ‘దయచేసి తీయవద్దు’ అని మాత్రమే చెప్పిన దారులలో కంటె చౌర్యం ఎక్కువగా జరిగింది. ఉల్లంఘనను ఖండించబోయి అది లోకరీతి అని చెప్పినందువల్ల కలిగిన ఫలమిది. 2020 వసంతంలో మన తెరల మీద జరిగినది కూడా ఇటువంటిదే. నియమభంగదృశ్యాలు చూపిన కొద్దీ, చూచేవానికి ‘నేనొక్కడినే ఎందుకు పాటించాలి’ అన్న విసుగు, ‘వారి వల్లనే ఇది’ అన్న ద్వేషం రెండూ పెరిగినవి. మర్కజ్‌కు వచ్చిన విదేశీయుల మీద పెట్టిన కేసులను బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం 2020 ఆగస్టులో కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా చేసినట్లు కనబడుతున్నదని వ్యాఖ్యానించింది. అప్పటికి ఎన్నో సందులలో ఎన్నో బుట్టలు గేటు దగ్గరే ఆగిపోయి ఉన్నవి.

శంక వల్ల మనస్సు నొచ్చుకొనడంతో విషయం ముగిస్తే అంత ప్రమాదం లేదు. శంక గోపనానికి దారి తీస్తుంది. జూలైలో పూలాయన ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చింది. పరీక్షకు వెళితే సందులో తెలుస్తుంది, తెలిస్తే ‘మేము ముందే అనుకొన్నాము’ అంటారు అన్న భయంతో వారు ఐదు రోజులు దాచినారు. దాదాపు అదే సమయంలో ఉపాధ్యాయుల వారి కోడలికి దగ్గు వచ్చింది. ‘ఇన్ని నియమాలు పాటించే ఇంట్లోకి ఎట్లా వచ్చింది’ అని అంటారేమో అని వీరూ దాచినారు. నియమపాలన మంచితనానికి చిహ్నంగా మారినప్పుడు రోగం పాపానికి చిహ్నంగా మారిపోతుంది. పాపిగా కనబడడానికి ఎవడు సిద్ధపడతాడు? రోగి చెప్పడు, పొరుగువాడు జాగ్రత్తపడడు, వ్యాధి తన మార్గాన తాను సాగుతుంది. దైవవశాన రెండు ఇళ్లలోనూ అందరూ కోలుకొన్నారు. కోలుకొనని ఇళ్లు ఈ నగరంలో ఎన్నో ఉన్నవి.

మన పూర్వులకు ఈ మర్మం తెలియనిది కాదు. మశూచి సోకిన ఇంటిని ‘అమ్మవారు పోసిన ఇల్లు’ అన్నారు. గుమ్మానికి వేపమండలు కట్టినారు. ఆ మండలను చూచినవారు లోపలికి అడుగుపెట్టేవారు కారు. దూరం పాటించబడింది, అవమానం కలుగలేదు. రోగి దోషి కాలేదు, అమ్మవారు వచ్చిన ఇంటివాడైనాడు. వైద్యజ్ఞానంలో ఆ కాలానికి లోపాలు ఉండవచ్చును; రోగిని నిందించకుండా హెచ్చరిక చేయగల భాష మాత్రం వారికి ఉండేది. 2020లో రోగుల ఇళ్లకు అంటించిన పోస్టర్లు మాత్రం అవమానచిహ్నాలైనవి. అధికారుల ప్రత్యేక ఆదేశం లేకుండా అట్టివి అంటించరాదని ఆ డిసెంబరు 9న సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చింది. బోనాల కథ కూడా ఈ కోవలోనిదే. 1813లో జంటనగరాలలో మహమ్మారి ప్రబలినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న సైనికులు మహంకాళికి మొక్కుకొన్నారనీ, తిరిగివచ్చి సికింద్రాబాదులో ఆమెను ప్రతిష్ఠించినారనీ ఐతిహ్యం. ఆ మొక్కు ఊరంతటి క్షేమం కోసం. ఊరిలో ఒక భాగాన్ని నిందించి మరొక భాగాన్ని రక్షించమని ఎవరూ కోరలేదు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ పూనా. 1897లో ప్లేగు వచ్చినప్పుడు ఆంగ్లప్రభుత్వం సైనికులను ఇళ్లలోనికి పంపి సోదాలు చేయించింది. స్త్రీల మర్యాదనుగాని, పూజాగృహాల పవిత్రతనుగాని పాటింపలేదన్న ఆగ్రహం రగిలింది. జనం రోగులను దాచినారు. ప్లేగు అధికారి రాండ్ మీద జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు కాల్పులు జరిపినారు. నియమం సరియైనదే కావచ్చును. నియమకర్తకు తమ మీద గౌరవం లేదని ప్రజలు తలచిన చోట ఆ నియమం శత్రువై కూర్చుంటుంది.

మడి, మైల, శౌచం మన సంప్రదాయంలో ఉన్నవి కదా, దూరం పాటించడం మనకు కొత్తదా అని కొందరు అడుగుతారు. శౌచం క్రియకు, కాలానికి చెందినది. పురుడు, సూతకం ఇన్ని దినాలని లెక్క ఉన్నది, స్నానంతో ముగుస్తుంది. దానిని ఒక వ్యక్తికి, ఒక కులానికి, ఒక మతానికి శాశ్వతంగా అంటగట్టినప్పుడు అది శౌచం కాదు, అస్పృశ్యత. ఆ పాపాన్ని మన సమాజం ఇదివరకే చాలా మోసింది. ‘ఈ పని వల్ల రోగం సోకవచ్చును’ అన్న వాక్యం శౌచానికి చెందినది. ‘వీరి వల్ల రోగం సోకుతుంది’ అన్న వాక్యం ద్వేషానికి చెందినది. రెంటికీ కొద్ది పదాలే భేదం.

మరి ఎవరిని నమ్మాలి? దీనికి కూడా న్యాయశాస్త్రమే సమాధానమిస్తుంది. శబ్దప్రమాణానికి ఆధారం ఆప్తుడు. ఉన్నది ఉన్నట్లు తెలిసినవాడు, తెలిసినదానిని తెలిసినట్లు చెప్పగోరేవాడు ఆప్తుడు. వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో ఈ లక్షణం ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమేనని స్పష్టపరచినాడు. ఆప్తత్వానికి పుట్టుక ప్రమాణం కాదు, వేషం ప్రమాణం కాదు. యథార్థజ్ఞానం, యథార్థవచనం మాత్రమే ప్రమాణం. ముఖాన మాస్కు ఉండడం మేలే. అంతకంటె మేలైనది, ‘నిన్నటి నుండి మా ఇంట్లో ఒకరికి జ్వరం, మీరు దూరంగా ఉండండి’ అని చెప్పగలిగిన నోరు.

మొఘల్‌పురాలోని ఆ సందులో విశ్వాసం తిరిగి చిగురించినది ఈ మార్గానే. కోడలు కోలుకొన్న తరువాత ఉపాధ్యాయులే పూలాయనకు ఫోను చేసినారు. తమ ఇంట్లో రోగం వచ్చిన సంగతి, దాచిన సంగతి రెండూ చెప్పినారు. అవతల కొంతసేపు మౌనం. తరువాత పూలాయన, ‘‘మా ఇంట్ల గూడ గంతే అయింది పంతులుగారూ’’ అన్నాడు. ఉగాదినాటి గేటు ముచ్చట కూడా అప్పుడే బయటపడింది. శ్రావణ శుక్రవారానికి బుట్ట మళ్లీ వచ్చింది. బుట్టకూ గుమ్మానికీ మధ్య దూరం అట్లే ఉన్నది, మాస్కులు అట్లే ఉన్నవి. సంశయం మాత్రం లేదు.

దీని ఫలం మరుసటి ఏడు కనబడింది. 2021 మార్చి 1 నుండి అరవై ఏళ్లు దాటినవారికి టీకా ఇవ్వడం ఆరంభమైంది. ఏప్రిల్ 1 నుండి నలభై అయిదేళ్లు నిండిన అందరికీ. టీకా మీద నానావిధాల పుకార్లు పేటలో తిరుగుతున్నవి. పూలాయన గేటు దగ్గర నిలబడి అడిగినాడు: ‘‘సూది ఏసుకున్నరా పంతులుగారూ? ఏమన్న అయిందా?’’ ఆయన దాచలేదు. ‘‘వేసుకొన్నాను భాయ్. ఒకటిన్నర రోజు జ్వరం వచ్చింది, చేయి నొప్పి పెట్టింది. తరువాత తగ్గిపోయింది.’’ ఏమీ కాలేదని చెప్పి ఉంటే అతడు నమ్మేవాడు కాడేమో. జ్వరం వచ్చిందని చెప్పినందువల్ల నమ్మినాడు. ఆ వారమే భార్యతో కూడ వెళ్లి టీకా వేయించుకొన్నాడు. ఏప్రిల్, మే మాసాలలో రెండవ ఉద్ధృతి నగరాన్ని వణికించినప్పుడు ఆ టీకా విలువ ఏమిటో ఇద్దరికీ తెలిసింది.

గీత మూడవ అధ్యాయంలో భగవానుడు లోకసంగ్రహాన్ని ఉపదేశించినాడు. శ్రేష్ఠుని ఆచరణను లోకం అనుసరిస్తుంది కనుక, తనకు ప్రయోజనం లేకపోయినా జ్ఞాని కర్మను వీడరాదని దాని తాత్పర్యం. నియమం చెప్పేవాడు నియమం తప్పితే లోకం చెదరుతుందన్నది ఇందులో స్పష్టమే. కాని అనుసరించాలంటే ఆచరణ కనబడాలి. కనబడని ఆచరణను మాట ద్వారా, నిరాడంబరంగా తెలియజేయడం కూడా లోకసంగ్రహంలో భాగమే. అది డంబం కాదు. పొరుగువాని అనుమానానికి సరియైన హేతువును అందించడం.

సాధకుడు ఈ కాలం నుండి మూడు విషయాలు గ్రహించవచ్చును. మొదటిది, కంటికి కనబడిన ఉల్లంఘనను చూచినప్పుడు, కనబడని పాలన ఎంత ఉన్నదో మనస్సులో లెక్కించుకొనడం. రెండవది, నియమాన్ని తన శక్తిని బట్టి కాక పాటించేవాని శక్తిని బట్టి తూచడం. ఆరుగురు ఒకే గదిలో ఉండే కుటుంబానికి ఏకాంతవాసం ఎంత కష్టమో మేడమీద గది ఉన్నవానికి తెలియదు, దేశకాలపాత్రవివేకం లేని ధర్మనిర్ణయం ధర్మం కాదు. మూడవది, తన ఇంటి రోగాన్ని, తన లోపాన్ని ముందుగా తానే చెప్పడం. మాస్కులు ఇప్పుడు పెట్టెలలోకి వెళ్లిపోయినవి. సంశయబీజం మాత్రం ప్రతి మనస్సులో నిద్రాణమై ఉన్నది. మరొక ఉపద్రవం వచ్చినప్పుడు మేల్కొనడానికి సిద్ధంగా ఉంటుంది. సత్యవచనాన్ని సుఖకాలంలోనే అభ్యసించినవానికి ఆనాడు పొరుగువాడు ఆప్తుడై నిలుస్తాడు.

స్వస్తి.